దున్నిన నేల వేరు, తవ్విన నేల వేరు

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, వెర్రిబీ నదికి కూతవేటు దూరంలో నేనూ మా తమ్ముడూ కలిసి అర ఎకరం స్థలం కొన్నాం. ముందు వైపు పాత చెక్క ఇల్లు, వెనక నదికేసి వాలుగా దిగే గడ్డి నేల. ఇల్లు పడగొట్టి నాలుగు యూనిట్లు కట్టి, మాకు చెరొకటి ఉంచుకుని మిగతా రెండూ అమ్మితే అప్పు తీరిపోతుందని లెక్క వేసుకున్నాం. టార్నీట్‌లో, ట్రుగనీనాలో, పాయింట్ కుక్‌లో మనవాళ్లు చాలామంది వేసుకునే లెక్కే ఇది. టార్నీట్, వెర్రిబీ అన్నవి ఇక్కడి ఆదిమవాసుల మాటలని అప్పటికి నేనెప్పుడూ ఆలోచించలేదు. వెర్రిబీ అంటే వాళ్ల భాషలో వెన్నెముక అని చెబుతారు.

2022లో కౌన్సిల్‌కి ప్లానింగ్ పర్మిట్ కోసం దరఖాస్తు పెట్టాం. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. మీ స్థలం అబోరిజినల్, అంటే ఆదిమవాసుల, వారసత్వం రీత్యా సున్నిత ప్రాంతంలో ఉంది, ఆమోదం పొందిన కల్చరల్ హెరిటేజ్ ప్లాన్ జతచేయండి, లేదా అది అక్కర్లేదని నిరూపించండి అని అందులో ఉంది. భూమి కొనేటప్పుడు టైటిల్ చూశాం, వరద మ్యాప్ చూశాం, స్కూల్ జోన్ కూడా చూశాం. ఈ మ్యాప్ ఒకటుందనే మాకు తెలియదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. నది పొడవునా రెండు పక్కలా పచ్చటి పట్టీ గీసి ఉంది, మా స్థలం మొత్తం అందులోనే ఉంది.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2006 నాటి అబోరిజినల్ హెరిటేజ్ చట్టం, దాని కింద 2018 నాటి నిబంధనలు ఉన్నాయి. పేరున్న ఏ నదికైనా వాగుకైనా 200 మీటర్ల లోపు నేల సున్నిత ప్రాంతం కిందికి వస్తుంది. అలాంటి నేల మీద మూడు లేదా అంతకు మించి ఇళ్లు కట్టాలంటే ముందు హెరిటేజ్ ప్లాన్, అంటే ఆ నేలలో ఏముందో చూసి దాన్నెలా కాపాడతామో చెప్పే పత్రం, తయారుచేయించి ఆమోదం పొందాలి. స్థలం 0.11 హెక్టారు కంటే చిన్నదైతే మామూలుగా మినహాయింపు ఉంటుంది. మాది దానికి దాదాపు రెట్టింపు. ప్లాన్ ఆమోదం కానిదే పర్మిట్ ఇవ్వడానికి కౌన్సిల్‌కి అధికారం లేదు. అసలు నది పక్కనే ఎందుకూ అంటే, వేల తరాలుగా మనుషులు బతికింది నీళ్ల దగ్గరే కనుక. మన ఊళ్లు కూడా ఏటి ఒడ్డునో చెరువు గట్టునో పుట్టినవే కదా.

మేం పెట్టుకున్న ప్లానింగ్ కన్సల్టెంట్ ఆ ఉత్తరం చూసి, "దీనికి దారుంది. ఆ నేల ఏళ్ల తరబడి దున్నిన నేల. చెదిరిపోయిన నేలకి ప్లాన్ అక్కర్లేదు" అన్నాడు. చట్టంలో అలాంటి మాట ఉన్నమాట నిజమే. నేల పైపొరని యంత్రాలతో తీవ్రంగా కదిలించేసి ఉంటే ఆ భాగం సున్నిత ప్రాంతం కాదు. ఆ రోజు నాకు ఆ మాటే నచ్చింది. హెరిటేజ్ ప్లాన్ అంటే ఒక కొత్త కారు ఖరీదంత ఖర్చు, కనీసం అరేడాది ఆలస్యం. బ్యాంకు వడ్డీ నెలనెలా పెరుగుతున్న రోజులవి. అక్కడ ఎవరు బతికారు, ఏం వదిలి వెళ్లారు అన్న ప్రశ్న నా తలలోకే రాలేదు. ఎలా తప్పించుకోవాలా అన్నదే వచ్చింది. ఈ విషయం దాచకుండా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

సాక్ష్యాలు పోగుచేశాం. పక్క స్థలంలో ఎనభై దాటిన రైతు ఒకాయన ఉండేవాడు. తన చిన్నతనంలో అక్కడ ఓట్స్ వేసేవారని రాసి సంతకం చేసి ఇచ్చాడు. పాత ఏరియల్ ఫోటోలు తెప్పించాం. వాటిలో నేల మీద దువ్వెనతో గీసినట్టు చాళ్లు స్పష్టంగా కనబడుతున్నాయి. ఆ ఫోటో చూసి తమ్ముడు "అక్కా, ఇంకేం కావాలి, గెలిచేశాం" అన్నాడు. కౌన్సిల్ ఒప్పుకోలేదు. వ్యవహారం వీక్యాట్‌కి వెళ్లింది. ఇలాంటి తగవులు వినే రాష్ట్ర ట్రిబ్యునల్ అది.

విచారణ ఆన్‌లైన్‌లో ఒక పూట జరిగింది. ట్రిబ్యునల్ మెంబర్ మా ఫోటోలు ఓపిగ్గా చూసింది. తర్వాత అడిగినవి రెండే ప్రశ్నలు. ఏ పనిముట్టుతో దున్నారు? ఎంత లోతు? మా వైపు నుంచి ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. అప్పుడు ఆమె నిబంధనలోని నిర్వచనం చదివి వినిపించింది. యంత్రంతో చదును చేయడం, తవ్వడం, పూడిక తీయడం, లోతుగా చీల్చడం, ఇవీ తీవ్రంగా కదిలించడం అంటే. మామూలు దున్నకం అందులోకి రాదు. 60 సెంటీమీటర్లు, అంతకు మించి దిగే రిప్పర్‌తో చీల్చితేనే లెక్క. 2009లో మార్నింగ్టన్ పెనిన్సులా కౌన్సిల్ కేసులో ఇదే ట్రిబ్యునల్ దారి చెప్పింది. ముందు అందరికీ తెలిసిన సంగతి చూడాలి, తర్వాత ప్రభుత్వ రికార్డులు, అవి చాలకపోతే దరఖాస్తుదారు తెచ్చే సమాచారం, ఆఖరున నిపుణుల మాట. నేల చెదిరిందని చూపించాల్సిన బరువు కట్టేవాళ్ల మీదే ఉంటుంది. ఆ బరువు మేం మోయలేకపోయాం. మేం వెతికి తెచ్చిన ఆ చాళ్ల ఫోటోయే ఈ నేల దున్నారు గానీ తవ్వలేదు అనడానికి సాక్ష్యమై కూర్చుంది.

ఆ రాత్రి నరసరావుపేట దగ్గర మా ఊళ్లో ఉన్న నాన్నకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. నాన్న ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "నన్నడిగితే ముందే చెప్పేవాణ్ణి కదమ్మాయ్" అన్నాడు. "నాగలి జానెడు దిగితే గొప్ప. ట్రాక్టరుకి గొర్రు కట్టి తోలినా మూరెడు పోదు. మన పాటిదిబ్బ మీద నేను ముప్పై ఏళ్లు దున్నాను. దున్నినప్పుడల్లా పెంకులూ పూసలూ పైకి తేలేవి. నువ్వు చిన్నప్పుడు ఏరుకొచ్చి డబ్బాలో దాచుకునేదానివి, గుర్తుందా? దున్నితే పోవు, కాస్త అటూ ఇటూ కదులుతాయి అంతే. జేసీబీ పెట్టి పాటిమన్ను తోలుకుపోయాక పోయాయి."

గుర్తుంది. ఎర్రటి పూసలు, మధ్యలో సన్నటి బెజ్జం. పాటిదిబ్బ అంటే ఒకప్పుడు ఊరున్న మట్టిదిబ్బ. అవి ఎవరివో, ఎప్పటివో ఎవరూ అడగలేదు. మట్టి సారవంతమైనదని ట్రాక్టర్ల కొద్దీ తోలుకుపోయారు. ఇప్పుడక్కడ చదునైన చేను మాత్రమే ఉంది. మెల్‌బోర్న్ ట్రిబ్యునల్లో నాకు ఎక్కని చట్టం ఫోన్లో నాన్న మాటతో ఎక్కింది.

నాతో కలిసి ఇంజినీరింగ్ చదివిన స్నేహితురాలు పెర్త్‌లో ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరాలో ఇనుప ఖనిజం గనుల్లో పనిచేస్తుంది. మా కేసు సంగతి వినగానే తను జూకన్ గోర్జ్ గురించి చెప్పడం మొదలుపెట్టింది. అది ప్రపంచమంతా తెలిసిన కథే, కానీ ఆ పనిలో ఉన్న మనిషి నోట వినడం వేరు. అక్కడి కొండ గుహల్లో 46,000 ఏళ్ల నాటి మనుషుల ఆనవాళ్లున్నాయి. పుటు కుంటి కుర్రమ, పినికుర ప్రజల నేల అది. పశ్చిమ ఆస్ట్రేలియా 1972 చట్టంలోని సెక్షన్ 18 కింద ఆ చోటుని పాడుచేయడానికి 2013లో రియో టింటో గని కంపెనీకి మంత్రి అనుమతి దొరికింది. 2014లో అక్కడ తవ్వి చూస్తే దాదాపు 7,000 వస్తువులు బయటపడ్డాయి. వాటిలో 28,000 ఏళ్ల నాటి కంగారూ ఎముక పనిముట్టు ఉంది, 4,000 ఏళ్ల నాటి జడ అల్లిక ముక్క కూడా ఉంది. ఆ వెంట్రుకల డీఎన్‌ఏ ఈనాటి ఆ ప్రజలతో కలిసింది. అంటే అది వాళ్ల పూర్వీకుల జుట్టు. ఇంత తెలిశాక కూడా, ఒకసారి ఇచ్చిన అనుమతిని కొత్త ఆధారాలతో మళ్లీ తెరిచి చూసే దారి ఆ చట్టంలో లేదు. 2020 మే 24న పేల్చేశారు. ఆ మంత్రి నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు భూమి మీద హక్కులున్న కంపెనీకి ఉండేది, ఆ నేల మనుషులకి ఉండేది కాదు.

"మీ దగ్గర కనీసం అడుగుతున్నారు, అడగనియ్యి" అంది నా స్నేహితురాలు. ఆ మాటతో మేం కన్సల్టెంట్‌ని మానిపించి హెరిటేజ్ ప్లాన్‌కి దిగాం.

ఎలా జరుగుతుందో తెలియక చాలామంది భయపడతారు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ముందు ఒక హెరిటేజ్ అడ్వైజర్‌ని పెట్టుకోవాలి. ప్లాన్ చేయబోతున్నామని, ఆ ప్రాంతానికి ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆదిమవాసుల సంస్థకి నోటీసు పంపాలి. మా వైపు వెర్రిబీ నదికి పడమట వాదవురుంగ్ ప్రజలు, తూర్పున బునురుంగ్ ప్రజలు. ప్లాన్‌ని తాము పరిశీలిస్తామో లేదో ఆ సంస్థ 14 రోజుల్లో చెబుతుంది. తర్వాత కాగితాల మీద పరిశోధన: పాత రికార్డులు, చుట్టుపక్కల ఇదివరకు దొరికినవి, నేల ఎలా ఏర్పడింది వగైరా. ఆపైన నేల మీద వరుసగా నడుచుకుంటూ చూడటం. అనుమానముంటే తవ్వి చూడటం. చివర్లో ప్లాన్ రాసి ఇస్తే ఆ సంస్థ 30 రోజుల్లో ఆమోదించడమో తిరస్కరించడమో చేస్తుంది. తిరస్కరిస్తే 28 రోజుల్లోపు ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు.

ఇందులో నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. అడ్వైజర్‌కి జీతమిచ్చేది కట్టుకునే మేమే. ఆ నేల గురించి మొదటి మాట రాసేది మా డబ్బు తీసుకునే మనిషి. మాకు దొరికిన అమ్మాయి నిజాయితీపరురాలు, మా మొహం చూసి ఒక్క అక్షరం మార్చలేదు. కానీ చట్టం మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు కదా.

2023 ఏప్రిల్లో తవ్వారు. నాన్న అప్పటికి ఆరు నెలల వీసా మీద వచ్చి ఉన్నాడు. పొద్దున్నే టోపీ పెట్టుకుని వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ సంస్థ తరఫున ఇద్దరు వచ్చారు, ఒక కుర్రాడు, ఒక పెద్దావిడ. ఇక్కడి ఆదిమవాసులు తమ పెద్దల్ని చుట్టరికం లేకపోయినా ఆంటీ, అంకుల్ అంటారు. అందరూ ఆవిణ్ణి ఆంటీ అంటుంటే నాన్న మాత్రం "అమ్మా" అని పిలిచాడు. ఆ మాటకి అర్థమేమిటని ఆవిడ నన్నడిగి తెలుసుకుంది.

తాడు కట్టి మీటరు చదరపు గొయ్యి గీశారు. పలుగూ పారా విసరడం లేదు. తాపీతో, చిన్న పారతో పది సెంటీమీటర్లు సమంగా గీకి, ఆ మట్టినంతా బకెట్లలో పోసి, ఐదు మిల్లీమీటర్ల కన్నుల జల్లెడలో ఆడించడం. మళ్లీ పది సెంటీమీటర్లు. పొర మారినప్పుడల్లా తడి మట్టి చిటికెడు తీసి మన్సెల్ అనే రంగుల పుస్తకం పక్కన పెట్టి, ఏ రంగు గడికి సరిపోతుందో చూసి రాసుకోవడం. మొదటి పొర గోధుమ రంగు, గడ్డి వేళ్లతో నిండి ఉంది. నాన్న లేచొచ్చి గొయ్యి గోడ చూసి, సుమారు ఇరవై సెంటీమీటర్ల దగ్గర వేలు పెట్టి గీత గీశాడు. "నాగలి ఇక్కడిదాకా వచ్చింది" అన్నాడు. నిజంగానే ఆ గీతకి పైన మట్టి గుల్లగా కలిసిపోయి ఉంది, కింద బిగువుగా, పొరగా ఉంది. అడ్వైజర్ అది ఫోటో తీసుకుని తన పుస్తకంలో రాసుకుంది.

పైన మూడు గోతుల్లో ఏమీ రాలేదు. నదికి దగ్గరగా, వాలు ముగిసే మెరక మీద తవ్విన నాలుగో గోతిలో, ఆ గీత కింద, ముప్పై నలభై సెంటీమీటర్ల మధ్య జల్లెడలో టక్కున చప్పుడైంది. కుర్రాడు వేలితో మట్టి పక్కకి తోసి తీశాడు. నా బొటనవేలి గోరంత రాయి ముక్క, మట్టి తుడిస్తే ముదురు తేనె రంగు. సిల్‌క్రీట్ అనే రాయి అది. ఆంటీ దాన్ని నా అరచేతిలో పెట్టింది. ఒక పక్క నున్నగా ఉంది. రెండో పక్క దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు, దాని నుంచి నీళ్లలో రాయి వేస్తే లేచే అలల్లా సన్నటి వలయాలు. అంచు ఇప్పటికీ పదునుగానే ఉంది. రాయి తనంతట తాను పగిలితే ఆ ఉబ్బు అలా కుదరదని, గురి చూసి కొట్టిన చేతి గుర్తు అదని ఆవిడ చెప్పింది.

నాన్న దాన్ని తీసుకుని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "మా తాత పొగాకు సంచిలో చెకుముకి రాయి ఇలానే ఉండేది. రాయీ, ఇనప ముక్కా, దూదీ. కొట్టి కొట్టి అంచు ఇలానే చిట్లేది" అన్నాడు. నేను తర్జుమా చేసి చెప్పాను. ఆంటీ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నాన్న పక్కన గడ్డి మీద కూర్చుని, వాళ్ల నాయనమ్మ ఈ నదిలో ఈల్ చేపలు పట్టేదని చెప్పింది. సాయంత్రానికి ఆ ఒక్క గోతిలో పదమూడు ముక్కలు లెక్క తేలాయి. ఒక్కోదాన్ని చిన్న సంచిలో వేసి, గొయ్యి నంబరు, లోతు రాశారు. ఒక చోట కూర్చుని ఎవరో పనిముట్టు చెక్కుకుంటే రాలిన ముక్కలు కావచ్చునని అడ్వైజర్ అంది.

వెళ్లే ముందు నేను ఆంటీని, ఈ చోటికి కథ ఏదైనా ఉందా అని అడిగాను. "కొన్ని చెప్పాను. కొన్ని నీకు చెప్పేవి కావు" అంది. కోపంగా కాదు, మామూలుగా. అప్పుడు నాకు కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజం. తర్వాత హైండ్‌మార్ష్ ద్వీపం వంతెన కేసు చదివాక ఆ మాట బరువు తెలిసింది. దక్షిణ ఆస్ట్రేలియాలో ముర్రే నది సముద్రంలో కలిసే చోట ఆ ద్వీపానికి వంతెన కట్టబోతే, అది స్త్రీలకు మాత్రమే చెందిన పవిత్ర విషయాలున్న చోటని న్‌గరిన్‌జెరి స్త్రీలు అడ్డుచెప్పారు. మగవాళ్లు చూడరాదని రాసి మూసిన కవర్లలో ఆ సంగతులు ప్రభుత్వానికి ఇచ్చారు. 1994లో కేంద్ర మంత్రి 25 ఏళ్ల పాటు నిషేధం పెట్టాడు. ఆ కవర్లు చివరికి ప్రతిపక్ష ఎంపీ ఒకాయన ఆఫీసుకి చేరి నకళ్లు తీయబడ్డాయి. 1995లో రాయల్ కమిషన్ ఆ స్త్రీలు చెప్పిందంతా కల్పితమని తేల్చింది. 1997లో పార్లమెంటు ఆ ఒక్క వంతెన కోసం ప్రత్యేకంగా చట్టమే చేసింది. 1998లో హైకోర్టు, అంటే ఇక్కడి అత్యున్నత న్యాయస్థానం, ఆ చట్టం చెల్లుతుందంది. 2001 మార్చిలో వంతెన తెరిచారు. అదే ఏడాది ఆగస్టులో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి వాన్ డూసా, ఆ నమ్మకం కల్పితమని తనకు రుజువు కాలేదని తీర్పు రాశాడు. అప్పటికే వంతెన మీద కార్లు తిరుగుతున్నాయి.

చోటుని కాపాడుకోవాలంటే రహస్యం చెప్పాలి, చెబితే అది రహస్యం కాకుండా పోతుంది, చెప్పకపోతే అబద్ధమంటారు. ఆ ఆడవాళ్లని ఆ మూలకి నెట్టిన తీరు చదువుతుంటే నాకు కడుపులో దేవినట్టయింది. మా అర ఎకరంలో రాళ్లు దొరికాయి కాబట్టి మమ్మల్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. రాయి దొరకని చోట ఆంటీ మాటకి ఎంత విలువ ఇచ్చేవాళ్లమో నేను చెప్పలేను.

ప్లాన్ చిత్తుప్రతి ఆగస్టుకి వచ్చింది. మా పాత డ్రాయింగు ప్రకారం నాలుగో యూనిట్, దాని కింద అడ్డుగోడ సరిగ్గా ఆ మెరక మీదే పడుతున్నాయి. రాళ్లన్నీ ఏరి తీసేసి కట్టుకుంటామని మేం ప్రతిపాదించాం. ఆ సంస్థ నుంచి వచ్చిన జవాబు చిన్నది. కట్టడాన్ని జరిపి ఆ చోటుని తప్పించడం గురించి ఆలోచించారా? ఆలోచిస్తే ఎందుకు కుదరలేదు? చట్టం వరస కూడా అదే. ముందు హాని తప్పించాలి, తప్పించలేకపోతేనే తగ్గించడం గురించి మాట్లాడాలి. మేం మొదటి మెట్టు ఎక్కకుండా రెండోదానికి దూకాం.

ఇంట్లో పెద్ద గొడవ అయింది. "పదమూడు రాళ్ల కోసం ఒక ఇల్లు పోగొట్టుకుంటామా అక్కా? తిరస్కరించనీ, మళ్లీ ట్రిబ్యునల్‌కి పోదాం" అన్నాడు తమ్ముడు. వాడిది అత్యాశ అనను. వాడి మీద ఇద్దరు పిల్లలు, ఇంటి లోను, దీని లోను ఉన్నాయి. సరిగ్గా ఆ వారమే పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం జూలై 1న అమల్లోకి తెచ్చిన కొత్త హెరిటేజ్ చట్టాన్ని వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించింది. జూకన్ గోర్జ్ తర్వాత అలాంటిది ఇంకోసారి జరగకూడదని చేసిన చట్టం అది. 1,100 చదరపు మీటర్లు దాటిన స్థలాల్లో కొన్ని పనులకి కూడా అది వర్తిస్తుందనేసరికి రైతులూ స్థలాల యజమానులూ తిరగబడ్డారు. ఐదు వారాలకే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. నవంబరు 15న మళ్లీ 1972 చట్టమే, కొన్ని సవరణలతో. సవరణల్లో మంచిది ఒకటుంది, ఇప్పుడు ఆ నేల మనుషులు కూడా సెక్షన్ 18 నిర్ణయాల మీద ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. "చూశావా, వాళ్లు గట్టిగా అడిగితే ప్రభుత్వమే దిగొచ్చింది" అన్నాడు తమ్ముడు.

ఆ కోపం ఎలాంటిదో నాకు తెలుసు, ఏడాది కిందట నాలోనూ అదే ఉంది. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున లేచి మా డ్రాయింగులు గీసిన కుర్రాడికి ఫోన్ చేసి, నదివైపు పన్నెండు మీటర్లు వదిలేస్తే ఏం పడుతుంది అని అడిగాను. నాలుగో రోజుకి మూడు యూనిట్లతో కొత్త డ్రాయింగు పంపాడు. కారు దారి పాత ఇల్లు ఉన్న వైపుకి జరిగింది, అడ్డుగోడ అక్కర్లేకుండా పోయింది. స్థలం కొన్న మొదటి వారంలో ఆ మ్యాప్ చూసి ఇదే ప్రశ్న అడిగి ఉంటే, ట్రిబ్యునల్ ఖర్చూ, ఏడాది వడ్డీ, తమ్ముడికీ నాకూ మధ్య ఆ రెండు నెలల మౌనం, ఏవీ ఉండేవి కావు. ఇక్కడ స్థలం కొనాలనుకునే ప్రతి తెలుగు కుటుంబానికీ నేను చెప్పేది ఇదొక్కటే. డ్రాయింగు గీయించక ముందు ఆ మ్యాప్ తెరవండి, ఆ నేల మనుషులకి ముందే ఫోన్ చేయండి. వాళ్లు మాట్లాడతారు.

కొత్త డ్రాయింగు తీసుకుని ఆ సంస్థ ఆఫీసుకి తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్లాను. ఆంటీ ఉంది. నాన్న ఎలా ఉన్నారని అడిగింది. తమ్ముడు గంటసేపు ఏమీ మాట్లాడకుండా విని, చివర్లో, ఆ పట్టీలో ఏ చెట్లు వేస్తే నేల కదలకుండా ఉంటుందని అడిగాడు. లోతుగా వేరు దిగే చెట్లు వద్దని, అక్కడి గడ్డి జాతులు చెప్పి రాసిచ్చారు.

2024 మొదట్లో ప్లాన్ ఆమోదమైంది. షరతులు చాలానే ఉన్నాయి. నదివైపు పట్టీని కంచె వేసి కాపాడాలి, అక్కడ యంత్రం దిగకూడదు. పని మొదలయ్యే ముందు కూలీలందరికీ ఆ సంస్థ మనిషి వచ్చి ఏం చూడాలో చెప్పాలి. ప్లాన్ కాపీ ఎప్పుడూ సైట్‌లో ఉండాలి. ఏదైనా దొరికితే పని ఆపాలి, మనిషి ఎముకల్లా కనబడితే వెంటనే పోలీసులకీ, మరణాల కారణాలు విచారించే కరోనర్ అనే అధికారికీ చెప్పాలి. అవన్నీ సక్రమంగా జరిగాయి. మూడు ఇళ్లు లేచాయి. ఒకటి అమ్మాం. అప్పు ఇంకా ఉంది, అనుకున్నదానికంటే కొన్నేళ్లు ఎక్కువ కడతాం.

ఆఖరి షరతు, తీసిన రాళ్లని మళ్లీ అదే నేలలో పెట్టడం. అది 2025లో ఒక చలి ఉదయం జరిగింది. ఆంటీ, ఆ కుర్రాడు, మా అడ్వైజర్, నేను, తమ్ముడు. యూకలిప్టస్ ఆకులు తడిపి పొగ వేశారు. గొయ్యి తమ్ముడే తీశాడు, వాళ్లు తీయనిచ్చారు. పదమూడు ముక్కల్నీ సంచుల్లోంచి తీసి ఒక్కొక్కటే అడుగున పెట్టింది ఆంటీ. తేనె రంగుది ఆఖరున పెట్టింది. మట్టి కప్పాక దాని చోటు జీపీఎస్‌లో నమోదు చేసుకున్నారు.

ఇంటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. మా ఊళ్లో పొద్దు పొడుస్తోంది, పాలు పిండుతున్న చప్పుడు వినిపిస్తోంది. జరిగిందంతా విన్నాడు.

"ఎంత లోతున పెట్టారమ్మాయ్?"

"మోకాలి లోతు దాటి ఉంటుంది నాన్నా."

"అయితే నాగలికి అందదులే" అన్నాడు.